కదిలే స్లాబు బిగించిన శుక్రవారం

నా వీడ్కోలు సభలో ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ ఒకే కథ చెప్పారు. చూపులేని ఒక ఉద్యోగిని మురుగు కాలువలో పడిపోతే, మేడమ్ గారి మనసు కరిగి, పై అధికారులతో పోట్లాడి ఆవిడ ఉద్యోగం నిలబెట్టారట. మూడో వక్త దగ్గరికి వచ్చేసరికి ఆవిణ్ణి కాలువలోంచి పైకి లాగింది కూడా నేనే అయిపోయాను. శాలువా కప్పుతున్నప్పుడు అడ్డం తగలడం బాగోదని ఊరుకున్నాను. ఊరుకోవడం నా స్వభావం కాదని మా ఆఫీసు గోడలకి కూడా తెలుసు. ఇప్పుడు శాలువా బీరువాలోకి వెళ్ళిపోయింది కాబట్టి చెబుతున్నాను. ఆ కథ తప్పు. ఆవిడ పడిపోవడమేమిటి, మేము పడేశాం. "మేము" అనే మాట వెనక దాక్కోవడం కూడా ఎందుకు? నేను పడేశాను.

కొత్తగా ఉద్యోగంలో చేరి, సైటుకి వెళ్ళకుండా ఫోన్లో ఫొటోలు చూసి బిల్లుల మీద సంతకాలు పెడుతున్న ఇంజనీర్లు ఇది చదవాలని నా కోరిక. చదవరని తెలుసు. అయినా రాస్తాను.

ఏలూరులో రోడ్ల పక్క డ్రైన్ల పనులు చూసే ఇంజనీరుగా పదకొండేళ్ళు చేశాను. ఏ ఆఫీసు అన్నది మీకు అనవసరం. స్టేషను వైపు నుంచి వచ్చే ఒక రోడ్డు మీద, ఎడమ చేతి వైపు సందు మొదలయ్యే చోట, డ్రైను మీద ఒక స్లాబు కదిలేది. సందులోకి తిరిగే ప్రతి బండీ దాని మీంచే వెళ్ళాలి. ముందు చక్రానికి ఒక 'డబ్', వెనక చక్రానికి ఒక 'డబ్'. ఆ మూల మేడ మీద ఒక లాయరు గారి కాపురం. ఆయన ఫోను యాప్‌లో ఫిర్యాదు పెట్టారు. నేను చూసేలోపే మరోటి పెట్టారు. మూడోదానికి చట్టంలో సెక్షన్లు కూడా జోడించారు. నా పేరు మీద పెండింగ్ ఫిర్యాదు ఒక్కటి కూడా ఉండకూడదన్నది నా పంతం. నెలాఖరు మీటింగులో తోటి ఇంజనీర్ల పెండింగులు చదివి వినిపిస్తుంటే నవ్వు బయటపడకుండా పెదవి బిగించి కూర్చోవడం నాకున్న కొద్దిపాటి విలాసాల్లో ఒకటి.

మా మేస్త్రి కైకలూరు మనిషి. చేపల చెరువులకి తూములు కట్టి చేయి తిరిగినవాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం అతను ఆ స్లాబు లేపి, కింద సిమెంటు మాలు పరిచి, మట్టం చూసి కూర్చోబెట్టాడు.

"ఇంక దీని మీద ఏనుగు నడిచినా ఉలకదండి మేడమ్ గారూ" అన్నాడు.

నేను దాని మీద ఎక్కి రెండు కాళ్ళతో తొక్కి చూశాను. ఉలకలేదు. ముందు ఫొటో, తరవాత ఫొటో యాప్‌లో ఎక్కించాను. లాయరు గారు ఐదు చుక్కలు ఇచ్చారు. ఆయన అంతవరకూ ఎవరికీ రెండుకి మించి ఇవ్వలేదని మా ఆఫీసులో రెండు రోజులు చెప్పుకున్నారు.

సోమవారం అదే రోడ్డు మీద పూడికతీత మొదలుపెట్టించాను. వానలకి ముందు ఏటా చేసే పనే. కొంత దూరానికొక స్లాబు పైకి లేపుతారు. లోపలి బురద తీసి పక్కన పోస్తారు. తెరిచిన గుంట దగ్గర వేప కొమ్మో కానుగ కొమ్మో గుచ్చుతారు. అడ్డు పెట్టాల్సిన ఇనుప బారికేడ్లు మా స్టోర్‌లో ఉన్నాయి. అవి బయటికి రావాలంటే సామాను కోరుతూ ఇండెంటు రాయాలి, స్టోర్‌కీపరు సెలవులో ఉండకూడదు, వ్యాను దొరకాలి. కొమ్మ అయితే చెట్టు మీదే ఉంటుంది. కొమ్మని నేనూ తప్పు పట్టలేదు. నా మొదటి పోస్టింగు కొల్లేరు పక్క రోడ్ల మీద. వరద వచ్చి నీళ్ళూ రోడ్డూ ఏకమైనప్పుడు అంచుల వెంబడి కొమ్మలు గుచ్చుకుంటూ పోయేవాళ్ళం. లారీ డ్రైవర్లు ఆ కొమ్మల మధ్యనుంచి నడుపుకుంటూ కైకలూరు చేరేవాళ్ళు. కొమ్మ కనిపిస్తే మనిషి ఆగుతాడన్నది అప్పటినుంచి నాకు ఇంజనీరింగు పుస్తకంలో ఉన్న మాటంత గట్టి నమ్మకం. "కనిపిస్తే" అన్న మాట ఆ నమ్మకంలో ఎక్కడో ఉందని మాత్రం తట్టలేదు.

తొమ్మిదిన్నరకి ఆఫీసులో ఉండగా ఫోను వచ్చింది. కర్ర పట్టుకుని నడిచే ఆవిడ ఒకరు పూడిక తీస్తున్న గుంటలో పడ్డారు, పనివాళ్ళు పైకి తీశారు, కుడి మణికట్టు విరిగింది, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వివరాలు తరవాత తెలిశాయి. ఆవిడది తాడేపల్లిగూడెం. ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఇల్లు. పుట్టుకతోనే చూపులేదు. డిగ్రీ చదివి, పరీక్ష రాసి, ఏలూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా ఆరేళ్ళ నుంచి చేస్తున్నారు. రోజూ పొద్దున్న పాసింజరులో వచ్చి, పవర్‌పేట స్టేషన్లో దిగి, పావుగంట నడిచి సీట్లో కూర్చుంటారు. ఒంటరిగానే.

మధ్యాహ్నం మా పై అధికారి పిలిచారు. చెడ్డవారు కాదు. కాయితం మీద గీత పడకుండా రిటైరవ్వాలన్న ఒక్క కోరికతో బతుకుతున్న మనిషి.

"మూడు వాక్యాల్లో రిపోర్టు ఇవ్వండి. ఎక్కువ రాయకండమ్మా. మీరు రాయడం మొదలుపెడితే ఆపరు."

ఆపాను. "పూడికతీత స్థలంలో వాడుక ప్రకారం హెచ్చరిక ఏర్పాటు చేయడమైనది. పాదచారి దృష్టిలోపం కారణంగా హెచ్చరికను గమనించలేకపోయినారు. సిబ్బంది తక్షణమే సహాయం అందించినారు." రాసి సంతకం పెట్టడానికి నాలుగు నిమిషాలు పట్టి ఉండవచ్చు. ఒక్క అక్షరం అబద్ధం లేదని నాకు నేను చెప్పుకున్నాను. ఆ రిపోర్టు నకలు ఆవిడ ఆఫీసుకి వెళ్ళింది.

నెల దాటాక ఒకాయన నా టేబులు ముందుకొచ్చి నిలబడ్డారు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో అరటిపళ్ళ సంచి. ఆవిడ అన్నయ్యనని చెప్పుకున్నారు. పోట్లాటకి వచ్చారనుకుని కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

"మీకు దండం పెట్టి వెళ్దామని వచ్చానండీ" అన్నారాయన.

"దేనికండీ?"

"మీరు రాసిన కాయితం మాకు ఎంత ఉపకారం చేసిందో మీకు తెలియదండీ. ఆరేళ్ళ నుంచి మొత్తుకుంటున్నాను, నీకెందుకమ్మా ఆ తిరుగుడు, దుకాణంలో కూర్చో, ఫోన్లు నువ్వు చూసుకో అని. వింటేనా? ఇప్పుడు వాళ్ళ ఆఫీసరు గారే అన్నారండీ. హెచ్చరిక పెట్టినా తెలుసుకోలేనప్పుడు ఒంటరిగా రావడం ప్రమాదం, రోజూ తోడుతో వస్తానని రాసివ్వాలి, లేదంటే ఆరోగ్య కారణాల మీద రిటైర్మెంటుకి పెట్టుకోవాలి అని. తోడు ఎవరొస్తారండీ రోజూ? వచ్చే సోమవారం సెలవు అయిపోతుంది. ఆ రోజు సంతకం పెట్టించేస్తే మా ఇంట్లో అందరం నిద్రపోతామండీ. మీ రిపోర్టు నకలు ఇంకొకటి, మీ సంతకంతో ఇప్పిస్తే..."

చూపులేదని ఇలా ఉద్యోగం మాన్పించడాన్ని చట్టం ఒప్పుకోదని నాకు తెలుసు. ఆయనకీ చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు. "చట్టం మాకెందుకండీ, మా చెల్లెలండీ అది" అన్నారు. ఆప్యాయత మాట్లాడేటప్పుడు చట్టానికి గొంతు పెగలదు. నకలు రేపు ఇస్తానన్నాను. అరటిపళ్ళు తీసుకోనన్నాను. ఆయన బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయారు. నా పాతికేళ్ళ సర్వీసులో నేను రాసిన వాక్యానికి ఒక మనిషి కృతజ్ఞత చెప్పడం అదే మొదటిసారి. ఆ పళ్ళు నేను తినలేకపోయాను. ప్యూను తిన్నాడు.

శనివారం తాడేపల్లిగూడెం వెళ్ళాను. ఉల్లిపాయల వీధిలో ఆ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు, ఆ వీధిలో నడవడమే కష్టం. అరుగుల దగ్గర నుంచి రోడ్డు మధ్య దాకా బస్తాలు, తోపుడు బళ్ళు, సగం దించిన లారీలు. ఆవిడ మేడ మీద గదిలో ఉన్నారు. నాకంటే పదేళ్ళు చిన్న. చేతికి కట్టు. నేను ఎవరో చెప్పగానే కుర్చీ చూపించారు.

"కూర్చోండి మేడమ్ గారూ. రిపోర్టు చదివించుకుని విన్నానండీ. భాష చాలా బాగుందండీ."

మెత్తగా అన్నారు. ఆ మెత్తదనంలో ముల్లు ఎక్కడుందో తడుముకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. నేనూ గోదావరి జిల్లాలో పుట్టినదాన్నే, అయినా అలా కొట్టడం నాకు చేతకాదు.

ఏమని పిలవాలో తెలియక "మీలాంటి దివ్యాంగులకి" అని మొదలుపెట్టాను.

"గుడ్డివాళ్ళనే అనండి, పర్వాలేదండీ. దివ్యాంగులని వింటే ఎవరో మఠాధిపతిని పిలుస్తున్నారేమోనని పక్కకి తప్పుకోవాలనిపిస్తుందండీ."

ఇద్దరం నవ్వాం. నవ్వాక ధైర్యం వచ్చి నా మనసులో ఉన్న గొప్ప ఆలోచన బయటపెట్టాను. "నేను కళ్ళకి గుడ్డ కట్టుకుని ఒకసారి ఆ దారంతా నడిచి చూస్తానండీ. అప్పుడు గానీ మీ కష్టం నాకు అర్థం కాదు."

"వద్దండీ" అన్నారు వెంటనే. "మా కాలేజీలో ఒకసారి లెక్చరర్లందరూ అలా నడిచారండీ. ఇద్దరు ఏడ్చారు కూడానండీ. పది నిమిషాలు కళ్ళు మూసుకుంటే మీకు భయం తెలుస్తుంది, దారి తెలియదు. నాకు దారి తెలుసండీ. భయపడుతూ ఎవరూ ఆరేళ్ళు నడవలేరు కదండీ."

అప్పుడు చెప్పారు ఆ దారి సంగతి. నేను పదకొండేళ్ళుగా కొలతలు తీస్తున్న రోడ్డుని నేను ఎన్నడూ చూడలేదనిపించింది. రైల్లోనే మొదలవుతుందట. దెందులూరు దగ్గర చెరువుల నీచు వాసన కిటికీలోంచి వస్తే చీర సర్దుకుని బ్యాగు భుజానికి తగిలించుకుంటారు. స్టేషను మెట్లు దిగాక ఎడమ చెంపకి ఎండ, అంటే సరైన వైపు వెళుతున్నట్టు. తరవాత పిండిమర. దాని హోరు దాటగానే ఏటీఎం గది ఏసీ వెనక నుంచి మోకాళ్ళకి తగిలే వేడి గాలి. కర్ర డ్రైను స్లాబుల మీద బోలుగా మోగితే మరీ ఎడమకి వచ్చినట్టు, తారు మీద ముద్దగా పలికితే రోడ్డు మీదికి పోయినట్టు. రెండు చప్పుళ్ళ మధ్య గీత మీద నడుస్తారు. ఇళ్ళ వరసలో ఖాళీ వచ్చినచోట గాలి మారుతుంది. అది సందు అని చెంప చెబుతుంది. అయితే గాలి లేని రోజు చెంప చెప్పదు.

"అంత బాగా వినిపిస్తుందాండీ మీ చెవులకి?" అన్నాను.

"చెవులు మీవీ నావీ ఒకటేనండీ. మీరు వినరు, నేను వింటాను. అంతే. వాన పడిందనుకోండి, ఊరంతా ఒకటే చప్పుడైపోతుంది. అప్పుడు నేను గుడ్డిదాన్నండీ. ఉత్సవాలకి మైకులు పెట్టారా, ఊరు మాయం. ఆ రోజుల్లో సెలవు పెట్టేస్తాను. ఇంకో గండం ఉంది, సాయం చేసేవాళ్ళు. కూడలిలో ఒక్క క్షణం ఆగి విందామనుకుంటే ఎవరో ఒకరు జబ్బ పట్టుకుని రోడ్డు దాటించేస్తారండీ. నేను దాటాలనుకోలేదండీ అంటే వాళ్ళకి కోపం. తిరిగి ఇటువైపు రావడానికి ఇంకొకరు కావాలి."

"మరి ఇక్కడే ఉండొచ్చు కదండీ? మీ ఊరు, మీ వీధి" అన్నాను. కావాలనే అన్నాను, మాట రాబట్టడానికి.

"కింద చూశారు కదండీ. ఈ వీధిలో పొద్దున్న ఉన్న బస్తా సాయంత్రానికి ఉండదు. రోజుకో ఊరు. పైగా అడుగు బయటపెడితే ఫలానా వారి చెల్లెలు అని ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఇంట్లో దింపేస్తారు. ఏలూరులో నేను ఎవరి చెల్లెల్నీ కాదండీ. ఆ పావుగంటా నాదండీ. జీతం సంగతి తరవాత. ఆ పావుగంట కోసం నేను ఉద్యోగం చేస్తున్నానంటే మా అన్నయ్యకి అర్థం కాదు."

కాసేపు కట్టు మీద వేళ్ళు కదిపారు. తరవాత, "ఒకటి అడుగుతానండీ. సందు మొదట్లో ఒక కదిలే స్లాబు ఉండాలండీ. అదేమైందండీ?" అన్నారు.

అది ఎలా ఉండేదండీ అని అడిగాను.

"ఎవరో లోపల గంట కొడుతున్నట్టు ఉండేదండీ. బండి తిరిగితే డబ్ డబ్. పది అడుగుల ముందునుంచే తెలిసిపోయేది. దాని మీద కాలు పెడితే కాస్త ఊగేది, అక్కడ ఎడమకి తిరిగితే మా ఆఫీసు. ఆ రోజు గాలి లేదు, ఎంత నడిచినా ఆ డబ్ డబ్ కూడా వినపడలేదు. బళ్ళు తిరిగే చప్పుడు ఉంది గానీ స్లాబు మాట్లాడలేదు. దాటిపోయానని అర్థమై వెనక్కి తిరిగాను. కర్రకి ఆకులు తగిలాయి. చెట్టు కొట్టి పడేశారనుకుని, కొమ్మల్లో చీర చిక్కుకోకుండా పక్కకి జరిగాను. అంతేనండీ."

కొమ్మ నుంచి తప్పుకోవడానికి ఆవిడ గుంటలోకి జరిగారు. మా హెచ్చరిక పని చేసిన తీరు అది.

"ఆ స్లాబు నేనే బిగించానండీ" అన్నాను. "శుక్రవారం. ఫిర్యాదు వచ్చిందని."

కింద ఎవరో కాటా మీద బస్తా వేసిన చప్పుడు.

"గట్టిగా బిగించారా అండీ?" అన్నారు చివరికి.

"ఏనుగు నడిచినా ఉలకనంత."

"మంచి పనిమంతులేనండీ" అన్నారు, అటు తిరిగి.

తిరుగు రైల్లో రెండో రిపోర్టు రాశాను. ఈసారి రెండు పేజీలు. స్లాబు సంగతి, కొమ్మ సంగతి, స్టోర్‌లో తుప్పు పడుతున్న బారికేడ్ల సంగతి, మొదటి రిపోర్టు నేను ప్రమాదం జరిగాక స్థలానికి వెళ్ళకుండానే రాశానన్న సంగతి. ఆదివారం పై అధికారి ఇంటికే పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏమిటమ్మా ఇది? మొదటిది తప్పని మీరే రాసిస్తే నేను మీకు మెమో ఇవ్వాలి. బారికేడ్లు ఎందుకు బయటికి రాలేదని నన్ను అడుగుతారు. ఆవిడ మీద జాలి ఉంటే పండో పలహారమో పట్టుకెళ్ళండి. కాయితం ఎందుకు?"

"కాయితమేనండీ ఆవిణ్ణి ఇంట్లో కూర్చోబెడుతోంది. దాన్ని కాయితమే లేపాలి."

"నేను ఫార్వర్డ్ చెయ్యను."

"చెయ్యకండి. చేత్తో ఇస్తాను."

సోమవారం పదిన్నరకి ఆవిడ ఆఫీసుకి వెళ్ళాను. ఆఫీసరు గారి గదిలో అన్నయ్య గారు, ఆవిడ పక్క పక్క కుర్చీల్లో ఉన్నారు. బల్ల మీద రిటైర్మెంటు దరఖాస్తు, దాని మీద మూత తీసిన పెన్ను. ఆఫీసరు గారు పెద్దాయన. గొంతులో నిజమైన బాధ ఉంది.

"అమ్మా, నీ మంచికే చెబుతున్నాను. రేపు ఏ లారీ కిందో పడితే నేను మీ ఇంటివాళ్ళకి మొహం ఎలా చూపించను?"

నేను నా కాయితం ఆయన ముందు పెట్టాను. రెండు పేజీలూ చదివారు. మొదటిదానితో పక్కన పెట్టి పోల్చారు.

"అదీ మీ సంతకమే, ఇదీ మీ సంతకమే. ఏది నమ్మమంటారమ్మా?"

"నాకు చెడ్డపేరు తెచ్చేదాన్ని నమ్మండి. మనుషులు తమ మీద తాము ఊరికే అబద్ధం రాసుకోరు."

అన్నయ్య గారి మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగారు. "అప్పుడలా రాసి ఇప్పుడిలా రాస్తారేంటండీ? మళ్ళీ పడిందనుకోండి, మీరొచ్చి చూస్తారా అండీ? రాత్రుళ్ళు చెయ్యి నొప్పని అది మూలుగుతుంటే పక్కన కూర్చుంది మేమండీ!"

జవాబు ఆవిడ చెప్పారు. తల తిప్పకుండా, గొంతు పెంచకుండా.

"పడతానన్నయ్యా. ఎప్పుడో ఒకప్పుడు పడతాను. నువ్వు స్కూటర్ మీంచి మూడుసార్లు పడ్డావు. రెండోసారి కాలికి రాడ్డు వేశారు. ఎవరైనా నీ దుకాణం మూయించారా?"

అన్నయ్య గారు పెన్ను మూత పెట్టారు. పెట్టి, జేబులో వేసుకున్నారు. అది ఆయన పెన్నే మరి. ఆఫీసరు గారు దరఖాస్తుని రెండుగా మడిచి డ్రాయర్లో పడేసి, "జాయినింగ్ రిపోర్టు రాయించుకోండమ్మా" అన్నారు. అన్నయ్య గారు గుమ్మం దగ్గర నా పక్కనుంచి విసురుగా వెళ్ళిపోయారు. ఆయన కోపం న్యాయమైనదే. నేను ఆయన మీద గెలవలేదు. నా వల్ల ఆయన ఇంకెన్నో ఏళ్ళు సరిగా నిద్రపోరు.

మెమో వచ్చింది. జవాబు రాశాను. అది వేరే కథ, అందులో రసం లేదు.

ఆ వారమే మేస్త్రిని పిలిచి, ఆ స్లాబు మళ్ళీ కదిలేలా చెయ్యమన్నాను. అతను నా మొహంలోకి చూసి, ఒంట్లో బాగుందా అని అడగడానికి మొహమాటపడ్డాడు.

"ముప్పై ఏళ్ళుగా బిగించడమే నేర్పారండి నాకు. కదిలించడం ఎలాగండి? మళ్ళీ పైనవాళ్ళకి ఏమని చెప్తామండి?"

"మరమ్మతు అని చెబుదాం."

"ఇప్పుడు బాగానే ఉంది కదండి."

"అందుకే."

రెండు గంటలు తంటాలు పడి మాలు చెక్కి తీశాడు. స్లాబు కదలలేదు. ఇంకాస్త చెక్కితే ఒక మూలకి ఒరిగి కూర్చుంది. కింద పెంకులు పెట్టి చూశాడు. "డబ్" రాలేదు, "కిర్రు" మంది. చెరువు తూము చెంబెడు నీళ్ళు జారకుండా కట్టే మనిషి, ఊగే స్లాబు ఒక్కటి చెయ్యలేక చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. చేసేది లేక మళ్ళీ బిగించేశాం. లాయరు గారు మేడ మీంచి ఇదంతా చూసి, ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళిపోయారు.

ఆవిడ ఆ దారికే కొత్త గుర్తులు పెట్టుకున్నారు. ఎలాగో నేను అడగలేదు. నేను అడిగింది ఒక్కటే, మీకేం కావాలని. "రోడ్డు ముట్టుకునే ముందు నాకు ఒక్క ఫోను చెయ్యండి మేడమ్ గారూ, చాలు" అన్నారు. నేను పనిలో ఉన్నన్నాళ్ళూ చేశాను. బారికేడ్లు కూడా స్టోర్‌లోంచి బయటికొచ్చాయి. నేను మానేశాక ఫోను ఎవరు చేస్తున్నారో తెలియదు.

ఆవిడ మళ్ళీ ఉద్యోగంలో చేరిన పది రోజులకి, ఒక పొద్దున్న స్టేషను దగ్గర కాపు కాశాను. ఆవిడ దిగి నడుస్తుంటే ఇరవై అడుగుల వెనక నడిచాను, చెప్పులు చప్పుడు కాకుండా. పిండిమర దాటాం. ఏటీఎం దాటాం. కొబ్బరి బోండాల బండి దగ్గర ఆవిడ ఒక్క క్షణం ఆగి, ఏదో మాట్లాడి, మళ్ళీ కదిలారు. నాలుగడుగులు వేసి తిరిగి నిలబడ్డారు.

"మేడమ్ గారూ, ముందుకి రండీ. వెనక నడిస్తే మీకూ మా అన్నయ్యకీ తేడా ఏముందండీ?"

నేను సిగ్గుపడుతూ వెళ్ళాను. "నా నడక ఎలా పోల్చారండీ?"

"నేనెక్కడ పోల్చానండీ. బోండాల ఆయన చెప్పారు, డ్రైన్ల మేడమ్ గారు మీ వెనకాలే దొంగలా వస్తున్నారని."

పక్కపక్కనే నడిచాం. ఆవిడ నా మోచేయి పట్టుకోలేదు, నేను ఇవ్వలేదు. సందు మూల మీద ఆగారు.

"ఆ రోజు ఇక్కడ చాలామంది ఉన్నారండీ. బోండాల ఆయన, జిరాక్స్ షాపు వాళ్ళు, ఆటోవాళ్ళు. గొంతులన్నీ నాకు తెలుసు. అందరూ నన్ను చూస్తూనే ఉన్నారు. గుంట కూడా వాళ్ళకి కనపడుతూనే ఉంది. తరవాత అడిగితే, 'రోజూ వెళతారు కదమ్మా, తెలిసే ఉంటుందనుకున్నాం' అన్నారు. సరేలెండి, వాళ్ళు ఏదో ఒకటి అనుకున్నారు."

అప్పుడు నోరు జారింది. జారిందనడం కూడా దాక్కోవడమే. రెండో రిపోర్టులో రెండు పేజీలు రాసి కూడా రాయని మాట అది.

"నేనూ చూశానండీ. ఆ పొద్దున్న పని ఎలా నడుస్తోందో చూద్దామని స్కూటర్ మీద ఇటే వచ్చాను. గుంట చూశాను, కొమ్మ గుచ్చారని చూశాను. కాస్త ముందుకెళ్ళాక పిండిమర దగ్గర మీరు కర్ర ఆడిస్తూ ఎదురొచ్చారు. మిమ్మల్నీ చూశాను. ఆఫీసుకి వెళ్ళిపోయాను."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. ఆవిడ తల కాస్త పక్కకి వంచి, నిజంగా తెలుసుకోవాలని అడిగే గొంతుతో అడిగారు.

"చూసి ఏమనుకున్నారండీ?"

వాదనలో నాకు మాట తడుముకునే అలవాటు లేదు. ఆ పూట అక్కడ నోరు తెరిచి నిలబడ్డాను. ఆవిడ కాసేపు ఎదురుచూసి, టైమవుతోందని, ఎడమకి తిరిగి వెళ్ళిపోయారు.

ఇప్పటికీ వెతుక్కుంటున్నాను. బోండాల ఆయనలాగా, ఆవిడకి తెలిసే ఉంటుందిలే అనుకున్నానని చెప్పుకోవచ్చు. కానీ అనుకోలేదు. జాలి పడలేదు, విసుక్కోలేదు, తొందర కూడా లేదు. గుంట నా కళ్ళలో ఉంది, ఆవిడ నా కళ్ళలో ఉన్నారు, గుంటకీ ఆవిడకీ మధ్య ఎన్ని అడుగులో ఇప్పుడడిగినా చెప్పగలను. స్కూటర్ ఆపి ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? రెండు కళ్ళూ సరిగ్గా పని చేస్తున్న ఆ నిమిషంలో, ఆవిణ్ణి చూసి, నేను ఏమనుకున్నాను?